విడుదల చేసి చెడగొట్టారు

అమెరికాకు చెందిన గన్స్ ఎన్ రోజెస్ అనే హార్డ్ రాక్ బృందం 2008 నవంబరు 23న ‘చైనీస్ డెమోక్రసీ’ అనే ఆల్బమ్‌ను విడుదల చేసి, ఆ ఆల్బమ్‌కు తీరని అన్యాయం చేసింది. అందులోని పద్నాలుగు పాటలూ చెడ్డవని చెప్పడం నా ఉద్దేశం కాదు. విడుదల కాకుండా ఉన్నన్నాళ్ళూ దానికి సాటి వచ్చే ఆల్బమ్ మరొకటి లేదు; అందులో లోపం ఎత్తిచూపగలిగిన విమర్శకుడు ఒక్కడూ పుట్టలేదు; దాని పేరు మీద పత్రికలు బతికాయి, వకీళ్ళు బతికారు, చివరికి ఒక కూల్‌డ్రింకు కంపెనీ కూడా కాస్త పేరు సంపాదించుకోవాలని చూసింది. అంతటి సిరిని 71 నిమిషాల సంగీతానికి మార్చుకోవడం ఎంత తెలివితక్కువ బేరమో, ఆ బృందం చరిత్ర తెలిసినవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం చెప్పక తప్పదు.

1991 సెప్టెంబరు 17న ఈ బృందం ఒకే రోజున రెండు ఆల్బమ్‌లను బజారులో పెట్టింది. పనిచేసి ఫలితం చూపించే దురలవాటు అప్పటికి వారిలో ఇంకా మిగిలి ఉంది. 1993లో ఇతరుల పాటలు పాడి మరో ఆల్బమ్ తెచ్చిన తరువాత ఆ అలవాటు పూర్తిగా వదిలిపోయింది. 1996లో గిటారిస్ట్ స్లాష్ వెళ్ళిపోయాడు. 1997లో బేస్ గిటారు వాయించే డఫ్ మెకేగన్ వెళ్ళిపోయాడు, డ్రమ్మర్ మాట్ సోరమ్‌కు ఉద్వాసన పలికారు. బృందం పేరు మీది హక్కు అప్పటికే గాయకుడు ఆక్సల్ రోజ్ చేతిలో ఉంది. పాతవారిలో ఆయనకు తోడుగా నిలిచినవాడు 1990లో వచ్చి చేరిన కీబోర్డు వాద్యకారుడు డిజ్జీ రీడ్ ఒక్కడే. ఈ విధంగా ప్రజాస్వామ్యం పేరు పెట్టుకున్న ఆల్బమ్ తయారీలో ఓటుహక్కు ఉన్న పౌరుడు ఒకే ఒక్కడు మిగిలాడు. కనుక అటుపైన జరిగిన ప్రతి తీర్మానమూ ఏకగ్రీవంగానే ఆమోదం పొందింది. మరెక్కడా పదేళ్ళకు ఒకసారి కూడా సాధ్యం కాని ఈ ఏకాభిప్రాయాన్ని పదేళ్ళపాటు నిలబెట్టిన ఘనత ఆయనకు దక్కాలి.

ఖర్చు విషయంలో లోకం ఆయనను అపార్థం చేసుకుంది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2005లో లెక్కలు తీసి, ఈ ఆల్బమ్ మీద అప్పటికే కోటీ 30 లక్షల డాలర్లు ఖర్చయ్యాయని రాసినప్పుడు అందరూ ముక్కున వేలు వేసుకున్నారు. ఆ కథనంలోనే ఉద్యోగ కల్పన అధ్యాయం ఒకటి ఉన్నదని ఎవరూ గమనించలేదు. లాస్ ఏంజెలెస్‌లోని విలేజ్ స్టూడియోలో పని జరుగుతున్న కాలంలో నెలసరి ఖర్చు 2 లక్షల 44 వేల డాలర్లు. అందులో స్టూడియో అద్దె 50 వేలకు పైగా, ఏడుగురు వాద్యకారుల జీతాలు 62 వేలకు పైగా. గిటార్లకు తీగలు మార్చి శ్రుతి సరిచూసే సాంకేతికుడికి నెలకు 6 వేలు, ముఖ్య రికార్డింగ్ ఇంజనీరుకు 14 వేలు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే ఇంజనీరుకు 25 వేలు ఇచ్చారు. బృందంలో పెద్ద పేరున్న వాద్యకారుడికి దక్కినది సుమారు 11 వేలు. పిల్లవాడు గిటారు పట్టుకుంటే లాక్కుని ఎంసెట్ కోచింగ్‌లో చేర్పించిన తెలుగు తల్లిదండ్రులు ఈ జీతాల పట్టీని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకోవచ్చు. రాక్ సంగీతంలో కూడా సాఫ్ట్‌వేరే కూడు పెడుతుందని ఇంత అధికారికంగా రుజువు చేసిన పత్రం ఇంకొకటి నా కంట పడలేదు.

స్లాష్ ఖాళీ చేసిన చోటును భర్తీ చేయడానికి వచ్చినవారిలో బకెట్‌హెడ్ అనే గిటారిస్ట్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆయన ముఖానికి తెల్లని ముసుగు వేసుకుని, నెత్తిన వేయించిన కోడిమాంసం అమ్మే అట్ట బకెట్టును బోర్లించుకుని వాయిస్తారు. స్టూడియోలో తనకు సౌకర్యంగా ఉండాలని ఆయన కోరగా, చెక్కలతో, ఇనుప తీగల వలతో లోపలే ఒక కోళ్ళగూడు కట్టించి ఇచ్చారు. ఆయన అందులో కూర్చుని రికార్డింగు చేశారు. కార్మికుడికి అనువైన పని ప్రదేశం కల్పించడం యజమాని బాధ్యత అని పుస్తకాల్లో రాసుకోవడమే గానీ, ఇంత అక్షరాలా పాటించిన యాజమాన్యం ఎక్కడుంది? ఇన్ని మర్యాదలు జరిగినా ఆయన 2004లో వెళ్ళిపోయారు.

నాణ్యత మీద శ్రద్ధకు ఇంకా గొప్ప తార్కాణం డ్రమ్స్ వ్యవహారం. జాష్ ఫ్రీస్ అనే డ్రమ్మర్ పాటలన్నింటికీ వాయించి, రికార్డు చేసి, వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో వచ్చినవాడి పేరు బ్రయన్ మాంటియా, రంగంలో ఆయనను బ్రెయిన్ అని పిలుస్తారు. ప్రసిద్ధ బ్రిటిష్ రాక్ బృందం క్వీన్‌కు పనిచేసి పేరు గడించిన నిర్మాత రాయ్ థామస్ బేకర్ పర్యవేక్షణలో, వెళ్ళిపోయినవాడు ఏ దెబ్బ ఎక్కడ కొట్టాడో అంతా స్వరలిపిలో రాయించి, ఆ కాగితాలు ముందు పెట్టి, కొత్త డ్రమ్మర్ చేత మళ్ళీ అదే వాయింపును ఒక్క దెబ్బ పొల్లుపోకుండా వాయింపించారు. చేసిన పనినే మొదటి నుంచి మళ్ళీ చేయించి, రెండుసార్లూ కూలి ఇచ్చే ఈ పద్ధతిని మన రోడ్ల కాంట్రాక్టర్లు తామే కనిపెట్టామనుకుంటున్నారు గానీ, హక్కు వేరేవాళ్ళది. అదే క్వీన్ బృందానికి చెందిన గిటారిస్ట్ బ్రయన్ మే కూడా వచ్చి ఒక పాటకు గిటారు సోలో వాయించి ఇచ్చాడు. ప్రపంచంలో ఏ బృందమైనా ఆ సోలోను కళ్ళకద్దుకుని పెట్టుకునేది. ఇక్కడ ఆల్బమ్ బయటికొచ్చేసరికి అది అందులో లేదు. వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, సిఫార్సు పనిచేయదన్నమాట.

ఇంత నిష్ఠగా పని జరుగుతుంటే, ఆల్బమ్‌ను వెలువరించవలసిన గెఫెన్ రికార్డ్స్ సంస్థ మాత్రం సరుకు ఎప్పుడిస్తారని అడుగుతూ వచ్చింది. 1999 మార్చి నాటికి ఆల్బమ్ అప్పగిస్తే 10 లక్షల డాలర్లు అదనంగా ఇస్తామని ఆశ పెట్టింది. ఆ గడువు వచ్చింది, వెళ్ళింది. డబ్బుకు లొంగని కళాకారుడంటే ఎవరో సంస్థకు అప్పటికి గాని తెలిసిరాలేదు. చివరికి 2004 ఆరంభంలో, ఆమోదించిన బడ్జెట్‌ను లక్షల డాలర్ల మేర దాటిపోయారని లేఖ రాసి, ఇక మీద ఖర్చు మీరే పెట్టుకోండని చేతులు దులుపుకుంది. పెట్టిన సొమ్ములో కొంతైనా రాబట్టుకోవాలని పాత హిట్ పాటలను ఏరి ఒక సంకలనం వేస్తే, దానిని ఆపాలని ఆక్సల్ రోజ్ కోర్టుకు కూడా వెళ్ళారు. కోర్టు ఆపలేదు. ఏ ఖర్చూ లేకుండా తయారైన ఆ సంకలనం ఇబ్బడిముబ్బడిగా అమ్ముడుపోయింది. పని చేయకపోతే లాభం వస్తుందన్న సూత్రానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఈ రాని ఆల్బమ్ చుట్టూ ఎంత చైతన్యం వెల్లివిరిసిందో ఇప్పటివారు ఊహించలేరు. 2003లో న్యూయార్క్ మెట్స్ జట్టుకు చెందిన బేస్‌బాల్ ఆటగాడు మైక్ పియాజా ఎక్కడి నుంచో సంపాదించిన ఒక సీడీని రేడియో కార్యక్రమానికి పట్టుకెళ్ళగా, అందులోని పాట ఒకటి ప్రసారమైపోయింది. బేస్‌బాల్‌లో మన వికెట్ కీపర్ లాంటి స్థానంలో ఆడే ఆయన చేతిలోకి కూడా బంతితో పాటు పాటలు వచ్చి పడుతున్న రోజులవి. అదే ఏడాది ఆఫ్‌స్ప్రింగ్ అనే మరో బృందం, మీరెలాగూ వాడుకోవడం లేదు కదా అన్న ధోరణిలో, తమ కొత్త ఆల్బమ్‌కు ఆ పేరే పెడుతున్నామని వేళాకోళంగా ప్రకటించింది. ఆక్సల్ రోజ్ పక్షం వకీళ్ళు వెంటనే రంగంలోకి దిగారు. ఈ వ్యవహారం మొత్తంలో ఆలస్యం లేకుండా జరిగిన పని ఏదైనా ఉంటే అది వకీలు నోటీసు ఒక్కటే.

2008 మార్చిలో డాక్టర్ పెప్పర్ అనే కూల్‌డ్రింకు కంపెనీ చేసిన ప్రకటనతో ఈ వైభవం పరాకాష్ఠకు చేరింది. ఆ ఏడాదిలోగా ఆల్బమ్ వస్తే అమెరికాలోని ప్రతి మనిషికీ ఒక డబ్బా ఉచితంగా ఇస్తామని కంపెనీ మాట ఇచ్చింది. దేశ జనాభా 30 కోట్ల పైమాటే. మినహాయింపు మాత్రం ఇద్దరికే, స్లాష్‌కూ బకెట్‌హెడ్‌కూ. ఆక్సల్ రోజ్ ఎంతో ఔదార్యంతో, బకెట్‌హెడ్ వాయించినది కూడా ఆల్బమ్‌లో ఉన్నది కాబట్టి తన డబ్బాలో ఆయనకు వాటా ఇస్తానని ప్రకటించారు. స్లాష్ సంగతి ప్రస్తావించలేదు. వాగ్దానం చేసినవారికి గల ఏకైక ధైర్యం ఆల్బమ్ రాదన్న నమ్మకమేనని వేరే చెప్పనక్కరలేదు. మన ఎన్నికల ప్రణాళికలు రాసేవారు ఈ ఘట్టాన్ని శ్రద్ధగా చదవాలి, ఎందుకంటే తరువాత జరిగినది మరీ ఘోరం: ఆల్బమ్ వచ్చింది. కూపన్ల కోసం జనం ఒక్కసారిగా ఎగబడటంతో కంపెనీ వెబ్‌సైట్ కుప్పకూలింది, గడువు పొడిగించవలసి వచ్చింది. ఆ మీదట ఆక్సల్ రోజ్ వకీలు, ప్రజలకు క్షమాపణ చెబుతూ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు ఇవ్వాలని కంపెనీకి లేఖ రాశారు. సుమారు పదిహేనేళ్ళపాటు మాట తప్పుతూ వచ్చిన పక్షం, ఒక్కరోజు మాట తప్పిన పక్షాన్ని జవాబుదారీతనం గురించి నిలదీసిన ఆ లేఖ న్యాయవిద్యార్థులకు పాఠ్యాంశం కావలసినది.

ఆ తరువాతి పతనం వేగంగా జరిగింది. అమెరికాలో బెస్ట్ బై దుకాణాల్లో మాత్రమే దొరికేలా ఒప్పందం చేసుకున్నారు. మొదటి వారంలో 2 లక్షల 61 వేల ప్రతులు అమ్ముడై, ఆల్బమ్ అమెరికా జాబితాలో మూడో స్థానంలో నిలిచింది. ఆ వారం మొదటి స్థానం ర్యాప్ గాయకుడు కాన్యే వెస్ట్‌ది. ఆయన తన ఆల్బమ్‌ను అదే ఏడాది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రికార్డు చేసి ముగించాడు. అంత తొందరపాటు మనిషికి జనం పట్టం కట్టడం చూస్తే, ఓర్పుకు లోకంలో విలువ లేదని ఒప్పుకోవలసిందే. ఆక్సల్ రోజ్ ప్రచారానికి పెద్దగా బయటికి రాలేదు. అప్పటికీ దీక్ష వీడని మనిషి ఆయన ఒక్కడే.

విమర్శకుల తీర్పు అటూ ఇటూ చీలిపోయింది. రోలింగ్ స్టోన్ పత్రిక అయిదు నక్షత్రాలకు నాలుగు ఇచ్చింది, కొందరు మెచ్చుకోలుగా గొణిగారు, కొందరు కొండను తవ్వి ఎలుకను పట్టారన్నారు. నిజం చెప్పాలంటే ఎలుక కాదు. ఆక్సల్ రోజ్ గొంతు అందులో గొప్పగా ఉంది. రెండు మూడు పాటలు, ముఖ్యంగా ‘దేర్ వాజ్ ఎ టైమ్’, ఎన్నిసార్లు విన్నా మొహం మొత్తవు. చిక్కంతా పాటలో పొర మీద పొర పేర్చడంలో ఉంది. ఏడాదికొక పొర చొప్పున వేసిన గిటార్లు, తంత్రీవాద్యాలు, బృందగానం, కంప్యూటర్ శబ్దాలు కలిసి, అయిదుగురు వంటవాళ్ళు ఎవరికి వారే పోపు పెట్టిన పప్పులాగా ఉంటుంది ఒక్కో పాట. ‘మడగాస్కర్’ అనే పాటలో మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసం కూడా వినిపిస్తుంది. పాపం, ఆయన అనుమతి అడగడానికి లేరు.

ఇంత అట్టహాసం మధ్య ఒక్క చోట మాత్రం ఎవరూ ఊహించని వినయం కనబడుతుంది, దానిని మరుగున పడనివ్వకూడదు. ఆ రోజుల్లో రాక్ సీడీలను, ధ్వనికి చివరి మెరుగు దిద్దే మాస్టరింగ్ దశలో అదిమి, సన్నని ధ్వనినీ పెద్ద ధ్వనినీ ఒకే ఎత్తుకు లేపి, వీలైనంత బిగ్గరగా చేసి వదిలేవారు. రెండు నెలల ముందు వచ్చిన మెటాలికా అనే రాక్ బృందం ఆల్బమ్ ఆ మోతతోనే చెడ్డపేరు తెచ్చుకుంది. ఇక్కడ మాస్టరింగ్ నిపుణుడు బాబ్ లడ్‌విగ్ మూడు రకాలుగా చేసి వినిపించగా, ఆక్సల్ రోజ్, సహనిర్మాత కారమ్ కోస్టాంజో కలిసి అదిమే ప్రక్రియ ఏమాత్రం లేని రకాన్ని ఎంచుకున్నారు. అందువల్ల పాటలో మెల్లగా ఉండవలసినది మెల్లగానే ఉండి, డ్రమ్ దెబ్బ పడినప్పుడు నిజంగా పడినట్టు వినిపిస్తుంది. అంత డబ్బు పోసి, అంత కాలం పట్టిన పనిలో అందరూ మెచ్చిన నిర్ణయం ఏమిటంటే, చివరి మెట్టు మీద ఏమీ చేయకుండా ఊరుకోవడం. ఈ సూత్రం 1997లో ఎవరికైనా తట్టి ఉంటే బాగుండేది.

ఆల్బమ్ పేరులోని చైనా ఎలా స్పందించిందో కూడా చెప్పాలి. ఇంతకీ అట్ట మీది సైకిలు బొమ్మ హాంకాంగ్‌లో తీసినది. పేరు 1999లో ప్రకటించేనాటికి చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యురాలైనా కాదు. ఆల్బమ్ వచ్చేసరికి సభ్యత్వం తీసుకుని, ఏడేళ్ళు వ్యాపారం చేసి, బీజింగ్‌లో ఒలింపిక్స్ కూడా జరిపి ముగించింది. కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ ప్రచురించే గ్లోబల్ టైమ్స్ ఈ ఆల్బమ్ చైనా మీద విషం కక్కుతున్నదని మండిపడింది, అక్కడి దుకాణాల్లో దానికి చోటు దొరకలేదు. అన్ని కోట్ల జనాభా గల దేశంలో అప్పటికీ అది విడుదల కాని ఆల్బమే. దాని అసలు వైభవం చెక్కుచెదరకుండా మిగిలిన నేల అదొక్కటే.

మన దేశానికి ఈ బృందం 2012 డిసెంబరులో వచ్చి బెంగళూరు, ముంబై, ఢిల్లీ ప్రాంతాల్లో వాయించినప్పుడు ఇంకా స్లాష్ లేడు. 2016లో స్లాష్, డఫ్ తిరిగి వచ్చి చేరారు. తాము లేనప్పుడు తయారైన ఆ పాటలను స్లాష్ వేదిక మీద ఇప్పుడు తానే వాయిస్తున్నాడు. 2021లో ‘అబ్సర్డ్’, ‘హార్డ్ స్కూల్’ అనే కొత్త పాటలు విడుదలైతే, అవి కూడా ఆనాటి రికార్డింగుల్లో పుట్టి మూల పడినవేనని తేలింది. 2023లో వచ్చిన ‘పర్‌హాప్స్’, ‘ది జనరల్’ పాటల జాతకమూ అదే. దీనిని బట్టి 2008లో మనం చూసినది విడుదల కానే కాదని, ప్రాజెక్టు తొలి దశ ప్రారంభోత్సవం మాత్రమేనని భావించడం సముచితం. మిగతా దశలకు గడువు ఎప్పుడని అడగడానికి గెఫెన్ సంస్థలో ఎవరికైనా ధైర్యం ఉన్నదేమో చూడాలి.