‘గుర్తుందా?’ అని అడగడం ఇక ఆపుదాం

నా మేనల్లుడికి పదిహేడేళ్లు. మంగళగిరి దాటాక హైవే మీద బండి మీంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. గుంటూరులో ఒక ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఉంచారు. తెలివొచ్చాక అమ్మానాన్నల్ని గుర్తుపట్టాడు. పదో తరగతి దాకా అడిగినవన్నీ చెప్పాడు. ఆ తర్వాత ఇంటర్, హాస్టల్, అక్కడి స్నేహితులు ఏవీ లేవు. దాదాపు రెండేళ్లు పోయాయి.

విజయవాడ పటమటలో అక్కావాళ్ల ఇల్లు నెల రోజులు చుట్టాలతో నిండిపోయింది. వచ్చిన ప్రతివాళ్లూ మంచం పక్కన కూర్చుని “నేనెవరో గుర్తుందా?” అనేవాళ్లు. వాడు చెబితే సంబరం, చెప్పలేకపోతే కళ్లనీళ్లు. వాడికి రోజూ వైవా పరీక్షే.

ఒకరోజు భోజనాల దగ్గర కాకరకాయ వేపుడు రెండోసారి వేయించుకున్నాడు. “నువ్వు కాకరకాయ ముట్టవు కదరా” అన్నాను. కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. “అవునా మామయ్యా” అని ఆ ముద్ద పక్కకి పెట్టేశాడు. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

మెదడు దెబ్బతిన్నప్పుడు ముందు కొత్త జ్ఞాపకాలు పోతాయి, పాతవి నిలుస్తాయి. ఫ్రెంచ్ శాస్త్రవేత్త తియోడ్యూల్ రిబో 1881లోనే చెప్పిన సంగతి ఇది. అరవై ఏళ్ల మనిషికి రెండేళ్లు పోతే జీవితంలో ఓ ముక్క పోయినట్టు. పదిహేడేళ్ల పిల్లాడి సంగతి వేరు. చిన్నప్పటి జ్ఞాపకాలన్నీ మనం వాడికి ఇచ్చినవే: మనం పెట్టిన పేరు, కొన్న బట్టలు, వేసిన బడి. వాడంతట వాడు స్నేహితుల్ని ఎంచుకుని, గొడవపడి, ఏది ఇష్టమో తేల్చుకున్నది ఆ చివరి రెండేళ్లలోనే. “మమ్మల్ని గుర్తుపట్టాడు, అంతే చాలు” అని మనం ఊపిరి పీల్చుకుంటాం. పోయింది మాత్రం అచ్చంగా వాడి వాటా.

ఆ ఖాళీని మన కథలతో నింపాలని చూస్తాం. 1995లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లోఫ్టస్, ఆమె తోటి పరిశోధకురాలు 24 మంది మీద ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. చిన్నప్పుడు షాపింగ్ మాల్లో తప్పిపోయావని మీ ఇంట్లోవాళ్లే చెప్పారంటూ, జరగని ఘటనను వాళ్లకి వివరించారు. దాదాపు పావు వంతు మంది అది కొంతైనా గుర్తున్నట్టు చెప్పారు. ఏ దెబ్బా తగలనివాళ్ల సంగతే ఇలా ఉంటే, తలకి దెబ్బ తగిలి, మనం చెప్పిందే ఆధారమైన పిల్లాడి మీద మన మాట బరువు ఎంతుంటుందో ఆలోచించాలి.

సినిమాల్లో రెండో దెబ్బ తగిలితే గతం తిరిగొస్తుంది. నిజంగా తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మరచిన కాలం చాలామందిలో మెల్లగా కుదించుకుపోతుంది కానీ, ప్రమాదం జరిగిన గంటలు చాలాసార్లు ఎప్పటికీ తిరిగిరావు.

అలాగని మొత్తం పోయినట్టూ కాదు. ఫోన్ ప్యాటర్న్ ఏంటని వాడి చెల్లెలు అడిగితే తెలీదన్నాడు. ఫోన్ చేతికిస్తే బొటనవేలు దానంతటదే గీసేసింది. 1953లో మెదడు ఆపరేషన్ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవని హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకీ బాగా నేర్చుకున్నాడు. నిన్న గీసిన సంగతే ఆయనకి తెలీదు. చేతి జ్ఞాపకం దారి వేరు. ఇలాంటి పిల్లలకి పని నేర్పడానికి పట్టు అక్కడ దొరుకుతుంది.

ఈ మాటలు మాకు ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితంలో మందులు, రివ్యూ తేదీ ఉన్నాయంతే. ఇంటికెళ్లాక వాడితో ఎలా మాట్లాడాలో ఒక్క ముక్క లేదు. కాలేజీవాళ్లు అడిగింది పరీక్షలకి ఎప్పుడొస్తాడనే. తలకి దెబ్బ తగిలిన ప్రతి పిల్లాడి ఇంట్లోవాళ్లనీ డిశ్చార్జికి ముందు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడాలి. ఒక ఏడాది ఆగితే కొంపేమీ మునగదని కాలేజీ ఆ పిల్లాడికి నోటితో చెప్పాలి. కొత్త ఆస్పత్రి కట్టనక్కర్లేకుండా జరిగే పనులివి.

మేం చేసింది చిన్న పని. వాడికో నోట్‌బుక్ కొన్నాం. ఎడమ పేజీలో ఎవరు ఏం చెప్పారో, చెప్పినవాళ్ల పేరుతో సహా రాసుకుంటాడు. కుడి పేజీ వాడిది: ఈ వారం ఏం చేశాడు, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు. అది మేం తెరవం.

మొన్న ఆదివారం అక్క మళ్లీ కాకరకాయ వేపుడు చేసింది. గిన్నె వాడి ముందు పెట్టింది. ఎవరం ఏమీ అనలేదు.