పన్నెండులో మిగిలిన రెండు

అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో శనివారం పొద్దున అక్కడి స్పోర్ట్స్ ఛానల్ ఈఎస్‌పీఎన్ వాళ్ల 'కాలేజ్ గేమ్‌డే' షో పెట్టి చూడండి. ఏ ఊరి నుంచి వస్తున్నా సరే, యాంకర్ల వెనక కేకలేసే జనం మధ్యలో ముదురు ఎరుపు జెండా ఒకటి ఊగుతుంటుంది. అది వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ జెండా. ఆ రోజు ఆ జట్టుకు అక్కడ మ్యాచ్ ఉండక్కర్లేదు. 2003 నుంచి పాత విద్యార్థులు దాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పార్సిల్ చేసుకుంటూ, అక్కడ ఎవరో ఒకరు తెల్లవారకముందే లేచి కర్రకు కట్టి ఎత్తుతూ, వారం వారం నిలబెట్టుకొస్తున్నారు. ఇంత పిచ్చి అభిమానం ఉన్న కాలేజీని 2023లో పెద్ద లీగుల్లో ఒక్కటి కూడా రమ్మనలేదు.

ఆ కాలేజీ ఉన్న లీగ్ పేరు పాక్-12. పాక్ అంటే పాకిస్థాన్ కాదు, పసిఫిక్‌కు పొట్టి పేరు. 1915లో పుట్టిన లీగ్ అది. మన ఐపీఎల్‌లో టీవీ హక్కులు బోర్డు ఒక్కటే అమ్మి జట్లకు పంచుతుంది. అక్కడి కాలేజీ ఆటల్లో ఏ లీగ్ హక్కులు ఆ లీగే అమ్ముకుంటుంది, కాబట్టి పెద్ద ఊరి కాలేజీ తమ గుంపులో ఉంటే రేటు పెరుగుతుంది. అందుకే లాస్ ఏంజెలెస్ కాలేజీలు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ 2022 జూన్ 30న బిగ్ టెన్ అనే ఇంకో లీగ్‌లోకి వెళ్తున్నామని ప్రకటించేశాయి. మరుసటి ఏడాది జులైలో కొలరాడో గోడ దూకింది. ఆగస్టు మొదట్లో మిగిలినవాళ్ల ముందుకు ఆపిల్ స్ట్రీమింగ్ ఆఫర్ వచ్చింది, చందాదారులు ఎంతమంది చేరితే అంత డబ్బు అన్న లెక్కలో. అది చాలామందికి రుచించలేదు. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదుగురు వెళ్లిపోయారు: ఒరెగాన్, వాషింగ్టన్ (సియాటిల్ యూనివర్సిటీ, వాషింగ్టన్ స్టేట్ వేరు) బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 అనే మరో లీగ్‌కు. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ కూడా సర్దుకున్నాయి, అదీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే లీగ్‌లోకి. పసిఫిక్ ఒడ్డున కూర్చుని అట్లాంటిక్ తీరం పేరు తగిలించుకోవడం ఏం భూగోళమో మాకు అర్థం కాలేదు. బిగ్ టెన్ సంగతీ అంతే, పేరులో పది, జట్లు పద్దెనిమిది.

ఇక మిగిలింది వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్. ఆట రాక మిగిలిపోయారా అంటే, అదే సెప్టెంబర్ 23న ఈ రెండూ వాషింగ్టన్ స్టేట్ సొంత ఊరు పుల్‌మన్‌లో తలపడ్డప్పుడు రెండూ దేశం ర్యాంకుల్లో టాప్ 25లో ఉన్న జట్లే. 38-35తో వాషింగ్టన్ స్టేట్ గెలిచింది. వాటి తప్పల్లా ఉన్న చోటే. పుల్‌మన్ గోధుమ కొండల మధ్య చిన్న ఊరు, సియాటిల్‌కు సుమారు 450 కిలోమీటర్లు. చుట్టుపక్కల టీవీలు తక్కువ, టీవీలు తక్కువైతే రేటింగ్ తక్కువ, రేటింగ్ తక్కువైతే ఎన్ని మ్యాచ్‌లు గెలిచినా పిలిచేవాడు ఉండడు.

ఆ గోధుమల గురించి ఒక్క మాట. ఆర్విల్ వోగెల్ అనే శాస్త్రవేత్త జపాన్ పొట్టి గోధుమను అమెరికా రకంతో కలిపింది పుల్‌మన్‌లోనే. ఆ విత్తనాలే మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ చేతికి చేరి, అక్కడి నుంచి మన దేశపు హరిత విప్లవం దాకా వచ్చాయి. అంటే ఈ ఊరి పనితనం మన చపాతీ పిండిలోనూ ఉంది. అలాంటి యూనివర్సిటీకి ఫుట్‌బాల్ లీగ్ పోతే భవిష్యత్తే లేనట్టు అక్కడివాళ్లు టెన్షన్ పడటం చూస్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత లెక్కలు చూస్తే నవ్వు ఆగిపోతుంది.

గోడ దూకినవాళ్లు పోతూ పోతూ, లీగ్ డబ్బును చూసుకునే బోర్డులో ఓటు కూడా మాదేనన్నారు. దాని మీద ఈ ఇద్దరూ కోర్టుకెళ్లారు, పుల్‌మన్ పక్కనే ఉన్న కోల్‌ఫ్యాక్స్ అనే చిన్న ఊరి కోర్టుకే. 2023 నవంబర్‌లో అక్కడి జడ్జి బోర్డు ఈ ఇద్దరిదేనన్నాడు. డిసెంబర్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. ఖజానా దక్కింది సరే, మనుషులు నిలవలేదు. ఒరెగాన్ స్టేట్ కోచ్ జొనాథన్ స్మిత్ మిషిగన్ స్టేట్‌కు వెళ్లాడు. వాషింగ్టన్ స్టేట్ ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ క్యామ్ వార్డ్ మయామీకి మారి, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికయ్యాడు. వాళ్లనేమీ అనం, ఆటగాడి వయసు ఆగదు. కానీ వాషింగ్టన్ స్టేట్ ఆటల శాఖ అధిపతి ప్యాట్ చన్ 2024లో వెళ్లింది ఎక్కడికి? గోడ దూకిన వాషింగ్టన్‌కే. మన ఎన్నికల సీజన్‌లో కండువాలు మార్చేవాళ్లే నయమనిపించింది.

తర్వాత ఈ ఇద్దరూ కొత్త చుట్టాలను వెతుక్కున్నారు. బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్, యూటా స్టేట్, బాస్కెట్‌బాల్‌లో పేరున్న గొంజాగా, చివరగా టెక్సస్ స్టేట్. 2026 జులై 1 నుంచి కొత్త పాక్-12 లెక్కలోకి వస్తుంది. ఒకప్పుడు తామే చిన్నచూపు చూసిన జట్లతో కలిసి కూర్చోవడం కొందరు పాత అభిమానులకు మింగుడుపడటం లేదు. మాకైతే అది సరైన పనే అనిపిస్తోంది. పిలవని పేరంటానికి వాకిట్లో నిలబడే కన్నా పక్కింటివాళ్లతో కలిసి వండుకోవడం మేలు.

మా గొడవ వేరే చోట ఉంది. కాలేజీ ఆటగాళ్లకు డబ్బివ్వడం మీద నడిచిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కు 2025 జూన్‌లో కోర్టు ఆమోదం దొరికాక, ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది 2025-26లో 2.05 కోట్ల డాలర్ల దాకా. బిగ్ టెన్ కాలేజీకి అది టీవీ డబ్బులో కొంత. పుల్‌మన్‌కు అలా కాదు, అందులో కొంత పెట్టాలన్నా ఇంకెక్కడో కోయాలి. కోత పడింది కూడా. అదే నెలలో వాషింగ్టన్ స్టేట్ తన ట్రాక్ అండ్ ఫీల్డ్‌ను దూరపు పరుగులకు కుదించి, దూకే, విసిరే పోటీలను ఎత్తేసింది, స్ప్రింట్‌లకూ కత్తెర వేసింది. 1978లో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టిన కెన్యా కుర్రాడు హెన్రీ రోనో ఈ కాలేజీ విద్యార్థే. దూరపు పరుగు కాబట్టి అతని వారసులు బతికిపోయారు. లాంగ్ జంప్ కోసం చేరిన పిల్ల ఏం చేసుకోవాలి? ఆ పిల్లకూ టీవీ హక్కులకూ ఏ సంబంధమూ లేదు.

అందుకే మేమనేది, ఫుట్‌బాల్‌ను మిగతా ఆటల నుంచి విడదీయండి. ఫుట్‌బాల్ డబ్బున్న చోటికి ఎగిరితే ఎగరనివ్వండి, ఏడాదికి పన్నెండు మ్యాచ్‌లు, అందులో సగం సొంత ఊళ్లోనే. వాలీబాల్, సాకర్, ట్రాక్ పిల్లలను మాత్రం బస్సు దూరంలో ఉన్న కాలేజీలతో ఆడించండి. లాస్ ఏంజెలెస్ అమ్మాయిల జట్టు లీగ్ మ్యాచ్‌కని న్యూజెర్సీ దాకా విమానమెక్కి, పరీక్ష టైముకు తిరిగి రావడం చదువూ కాదు, ఆటా కాదు. లీగ్ పేరు లేకపోతే ఆట చచ్చిపోతుందన్న భయమూ అనవసరం. ఒరెగాన్ స్టేట్ బేస్‌బాల్ జట్టు 2025లో ఏ లీగూ లేకుండా సీజనంతా ఆడి, జాతీయ ఛాంపియన్‌ను తేల్చే చివరి దశ, ఒమాహాలో జరిగే కాలేజ్ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. అయితే ఆ జట్టు అప్పటికే మూడుసార్లు ఛాంపియన్, అందరికీ అది సాధ్యం కాదని ఒప్పుకుంటాం.

ఇంకో సంగతి. లీగ్ కుప్పకూలినప్పుడు ఒరెగాన్ స్టేట్ అధ్యక్షురాలు జయతి మూర్తి. ఐఐటీ కాన్పూర్‌లో మెకానికల్ చదివి, ఎంఎస్ చేసింది పుల్‌మన్‌లో, వాషింగ్టన్ స్టేట్‌లోనే. మిగిలిన రెండు కాలేజీల్లో ఒకదాంట్లో చదివి, రెండోదాన్ని నడుపుతున్న మనిషి. ఎంఎస్‌కని కాలేజీలు వెతికే మన ఇళ్లలో, పుల్‌మనా, అదెక్కడుంది, పెద్ద లీగ్‌లో కూడా లేదట అని పెదవి విరిచేవాళ్లకు ఈ ముక్క చెప్పండి.

వాషింగ్టన్ రాష్ట్ర ప్రభుత్వానిదీ ఇందులో వాటా ఉంది. వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ రెండూ ఆ రాష్ట్ర డబ్బుతో నడిచే యూనివర్సిటీలే. ఒకటి రెండోదాన్ని నడిరోడ్డు మీద వదిలేసి పోతుంటే రాష్ట్ర రాజధాని ఒలింపియాలోని చట్టసభ చూస్తూ ఊరుకుంది. ఇద్దరి మధ్య ఆపిల్ కప్ అనే ఫుట్‌బాల్ పోరు 1900లో మొదలైంది. విడిపోయాక 2024లో సియాటిల్‌లో జరిగిన మొదటి మ్యాచ్‌లో పుల్‌మన్ జట్టే 24-19తో గెలిచింది. విడిపోతున్నప్పుడు ఈ మ్యాచ్ కోసం రాసుకున్న ఒప్పందం ఐదేళ్లకే, 2028 వరకు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆడాల్సిందేనని, ఒక ఏడు సియాటిల్‌లో ఆడితే మరో ఏడు పుల్‌మన్‌లో ఆడాలని చట్టసభే రాసి పెట్టాలి.