నీలి నక్షత్రం పేలితే భూమి మాడిపోదు

గత పది రోజుల్లో ఒకే సందేశాన్ని ఆరుగురు మిత్రులు నాకు పంపారు. టరాంటులా నీహారిక నడుమ ఆర్136 అనే నక్షత్ర గుచ్ఛం ఉందట; అందులోని ఆర్136ఏ1 అనే నీలి నక్షత్రం సూర్యుడికి 320 రెట్లు పెద్దదట; అంత ఇంధనం ఉన్నందున సూర్యుడి కంటే ఎక్కువ కాలం బతకవలసినది అకస్మాత్తుగా పేలబోతోందట; ఆ పేలుడుకు భూమి మాడిపోతుందట. దగ్గరికి వెళ్లి కొలవని వేడిని ఎవరూ చెప్పలేరని, శాస్త్రవేత్తలు గంటకో మాట మారుస్తారని చివర్లో మరో రెండు వాక్యాలు.

320 అన్నది పరిమాణం కాదు, ద్రవ్యరాశి; అదీ పుట్టినప్పటిదని 2010లో వేసిన అంచనా. వ్యాసం సూర్యుడికి కొన్ని పదుల రెట్లే. ఎరుపు మహాతారల పక్కన ఇది చిన్నది.

ఇంధనం ఎక్కువ కాబట్టి ఆయుష్షు ఎక్కువన్న మాట లెక్కకు నిలవదు. సుమారు 200 సూర్యుల ద్రవ్యరాశి ఉన్న ఆ నక్షత్రం సుమారు 50 లక్షల సూర్యుల కాంతిని వెదజల్లుతోంది. నిల్వ వందల రెట్లు, ఖర్చు లక్షల రెట్లు. అందుకే సూర్యుడికి వెయ్యి కోట్ల సంవత్సరాల ఆయుష్షు ఉంటే, దీనికి ఇరవై ముప్ఫై లక్షల సంవత్సరాలకు మించి లేదు.

ఇక నన్ను నిజంగా బాధించినది భూమి మాడిపోతుందన్న మాట. దీన్ని చదివి పిల్లలు భయపడుతున్నారు. ఆ గుచ్ఛం మన పాలపుంతకు పొరుగున ఉన్న చిన్న గెలాక్సీ అయిన పెద్ద మెజెల్లానిక్ మేఘంలో, మనకు సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలిపోవడం, భూమిపై జీవానికి ముప్పు తేవాలంటే కొన్ని పదుల కాంతి సంవత్సరాల దూరంలోనే పేలాలి. 50 కాంతి సంవత్సరాల దూరంలో జరిగే పేలుడుతో పోలిస్తే, అంతే శక్తిగల పేలుడు అక్కడ జరిగినప్పుడు మనకు చేరేది కోటో వంతు. ఇది ఊహ కూడా కాదు, ఒకసారి జరిగి చూపించిన సంగతి. 1987 ఫిబ్రవరిలో అదే మేఘంలో, అదే నీహారికకు దగ్గరలో ఒక నీలి మహాతార పేలింది. దక్షిణార్ధగోళంలోని వారు దాన్ని మామూలు కంటితో చూశారు. మూడు భూగర్భ పరిశోధనశాలలు కలిసి పట్టుకోగలిగిన న్యూట్రినోలు (ఆ పేలుడు నుంచి వచ్చే, దేనికీ సులభంగా చిక్కని సూక్ష్మ కణాలు) దాదాపు పాతిక. మాడిపోయినది ఏదీ లేదు. ఈ సందేశం రాసినవారు 1987లో ఏ భూమి మీద ఉన్నారు? పంపేముందు ఆ ఒక్క సంవత్సరం గురించి వెతికి చూసేంత ఓపిక ఆరుగురిలో ఒక్కరికీ లేకపోయిందా?

వేడిని కొలవడానికి దగ్గరికి వెళ్లనవసరం లేదు. ‘O’ అనే తరగతికి చెందిన మహా వేడి నక్షత్రాల వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో) తటస్థ హీలియం గీతలు, అయనీకరణ చెందిన, అంటే ఎలక్ట్రాన్ కోల్పోయిన, హీలియం గీతలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో చూసి ఉష్ణోగ్రత తేలుస్తారు. మరీ వేడి నక్షత్రాల్లో తటస్థ హీలియం గీతలు దాదాపు కనబడవు. అప్పుడు నైట్రోజన్ గీతలను ఆశ్రయిస్తారు. ఆర్136ఏ1 ఉపరితలం 40,000 కెల్విన్లు దాటినదని అలాగే తెలిసింది. పరిశోధకులు అధ్యయనానికి ఇలాంటి గుచ్ఛాన్నే ఎంచుకోవడానికీ కారణం ఉంది: అందులోని తారలన్నీ మనకు దాదాపు ఒకే దూరంలో ఉంటాయి, వయసులోనూ పెద్ద తేడా ఉండదు. అందువల్ల వాటి మధ్య కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం ద్రవ్యరాశి వల్ల వచ్చినవే అవుతాయి.

శాస్త్రవేత్తలు మాట మారుస్తారన్నది మాత్రం నిజమే, నేను ఒప్పుకుంటాను. 1981లో ఈ గుచ్ఛపు కేంద్రాన్ని రెండు వేల సూర్యుల ద్రవ్యరాశిని మించిన ఒకే మహాతారగా ప్రతిపాదించారు. 1985లో వాతావరణపు మసకను తొలగించే పద్ధతితో చూస్తే, ఒకటనుకున్న బిందువులో కనీసం ఎనిమిది నక్షత్రాలు విడివిడిగా కనిపించాయి. సందేశంలోని 320 కూడా నిలవలేదు: పుట్టినప్పుడు 320 అన్న 2010 లెక్కే ఇప్పటి ద్రవ్యరాశిని 265 అన్నది; ఆ 265ను, 2022లో జెమిని సౌత్ దూరదర్శినితో తీసిన మరింత స్పష్టమైన చిత్రాలు 170 నుంచి 230 మధ్యకు దించాయి. పక్కన అంటుకుని ఉన్న తారల వెలుగును వేరు చేయగలిగేకొద్దీ ఒక్కో నక్షత్రపు వాటా తగ్గుతూ వచ్చింది.