ముందు క్షమాపణ, వెనకే గండి

జపాన్‌లో మైకు అందుకున్న పెద్దమనిషి "గాదెన్ ఇన్‌సుయి అవుతుందేమో గానీ..." అని గొంతు సవరించుకున్నాడంటే కుర్చీలో సర్దుకుని కూర్చోవాలి. వచ్చే అరగంటా ఆయన కంపెనీ, ఆయన హయాం, ఆయన దూరదృష్టి. నాలుగు కంజి అక్షరాల ఆ జాతీయంలో ఉన్నది ఇంతే: నా, మడి, లాగు, నీరు. అందరి కాలువలోని నీళ్లను నా మడికి మళ్లించుకోవడం. ఎదుటివాణ్ని తిట్టడానికి పుట్టిన మాట అది. దాన్ని ఆత్మస్తుతికి ముందు చదివే సంకల్పంగా మార్చిన ఘనత ఈ వక్తలదే.

ఉత్త సొంత డబ్బాకు అక్కడ వేరే మాట ఉంది: తెమాయె మిసో. మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. మా ఇంటి మిసోయే రుచి అని చెప్పుకుంటే ఎవడి సొమ్మూ పోదు. గాదెన్ ఇన్‌సుయిలో మాత్రం నష్టపోయేవాడు ఒకడుండాలి, దిగువ మడివాడు. నీటికి కటకటలాడే సానుకిలో, అంటే నేటి కగావాలో, అగరొత్తి వెలిగించి అది కాలినంతసేపే ఒక్కో మడికి నీళ్లు వదిలేవారు. మడి పెద్దదైతే ఒత్తీ పొడుగు. అలాంటి ఊళ్లో రాత్రివేళ గండి కొట్టినవాడు "గాదెన్ ఇన్‌సుయి అవుతుందేమో, మన్నించాలి" అని వినయంగా వంగితే ఏమయ్యేదో మన వక్తలు ఊహించుకుందురు గాక.

తర్వాత నాయకులు నీళ్లు వదిలేసి రైలు పట్టాలు లాగారు. జనం నీరనే 'సుయి' తీసేసి ఇనుమనే 'తెత్సు' పెట్టి గాదెన్ ఇన్‌తెత్సు అన్నారు. ఇవాతెలోని ఓఫునాతో లైను చూడండి. ఇచినోసెకిలో బయల్దేరి తూర్పున సముద్రం వైపు పోవాలి. దారిలోని రికుచూ-కన్‌జాకి స్టేషన్ నుంచి సెన్‌మాయా ఊరికి తిన్నగా వెళ్లిపోవచ్చు. 1920 ఎన్నికల్లో సెయ్యూకాయ్ పార్టీ తరఫున సురిసావా అనే ఊరి మనిషి గెలిచాడు. పట్టా బుద్ధిగా ఉత్తరానికి తిరిగి సురిసావాకు నడిచింది. సెన్‌మాయా ఊరుకుంటుందా? అవతలి పక్షం కెన్‌సెయికాయ్‌ని పట్టుకుంది. 1924లో ఆ పక్షానికి అధికారం రాగానే, అక్కణ్నుంచి సముద్రం దారి పట్టాల్సిన అదే పట్టా మెడ వంచి, దక్షిణంగా సెన్‌మాయాకు దిగివచ్చింది. ఇంతా చేసి మ్యాపు మీద తేలింది వంటగిన్నె పైని వంపు పిడి. లైనుకు ఆ పేరే పడింది, నాబెజురు. కన్‌జాకికీ సెన్‌మాయాకూ రైలు దూరం 26 కిలోమీటర్లు. తిన్నగా పోతే అందులో సగమైనా ఉండదు.

దీన్నిప్పుడు సరదా కథగా చెప్పి నవ్విస్తున్నారు. నవ్వడానికేముంది ఇందులో? ఓట్లు దండుకున్నవాళ్లు దండుకుని పోయారు. బడికీ ఆస్పత్రికీ పోయేవాడు దాదాపు వందేళ్లుగా ఆ చుట్టు తిరుగుతున్నాడు. టికెట్టు ధర కిలోమీటర్ల లెక్కన కాబట్టి ఆ చుట్టుకు డబ్బు కూడా వాడే కడుతున్నాడు! వాడికి ఎవడు చెప్పాడు క్షమాపణ? దొంగతనం చేసి, ఆ దొంగతనానికున్న పేరును మర్యాదగా మైకులో పలికితే సంస్కారమట. సిగ్గు లేకపోతే సరి.

వీళ్లకంటే అరాఫునె సెయిజురో నయం. 1966లో రవాణా మంత్రిగా ఉండి, తన నియోజకవర్గంలోని ఫుకాయా స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ రైళ్లు ఆపించాడు. గోల లేస్తే, ఒక్క స్టేషనే కదా అన్న ధోరణిలో సమాధానమిచ్చాడు. ముందుగా ఏ జాతీయమూ వల్లించలేదు. వేరే ఆరోపణలూ తోడై ఆ అక్టోబరులోనే పదవి ఊడింది. గాదెన్ ఇన్‌తెత్సు అన్న మాట ఆయనకు అంటించింది బయటివాళ్లే.