మిషన్ ఆసుపత్రి బిల్లు వేస్తే మోసమవుతుందా?

"కేథలిక్ మిషన్ ఆసుపత్రులకు విదేశాల నుంచి కోట్లు వస్తాయి, అయినా లాభాపేక్ష లేదంటూనే రోగుల దగ్గర బిల్లులు వసూలు చేస్తారు, వైద్యం పేరుతో చేసేదంతా మతప్రచారమే" అనే సందేశం వాట్సాప్ గ్రూపుల్లో విరివిగా తిరుగుతోంది. గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి చరిత్ర తెలిసినవారు ఈ మాటలకు జవాబు చెప్పకుండా ఊరుకోలేరు.

ముందుగా బిల్లు సంగతి. లాభాపేక్ష లేని సంస్థ అంటే ఉచితంగా వైద్యం చేసే సంస్థ అని చట్టం ఎక్కడా చెప్పలేదు. మిగిలిన డబ్బును నిర్వాహకులు పంచుకోకూడదని, పన్ను మినహాయింపు కావాలంటే ఆదాయంలో 85 శాతాన్ని సేవా ప్రయోజనాలకే వినియోగించాలని మాత్రమే చెప్పింది. ఒక మామూలు కాన్పు జరగాలన్నా చేతి తొడుగులు, కుట్ల దారం, పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్, కరెంటు పోతే జనరేటరుకు డీజిల్, మూడు షిఫ్టుల నర్సులకు జీతాలు కావాలి. వీటిని ఆసుపత్రికి ఎవరూ ఊరికే ఇవ్వరు. ప్రత్యేక గది తీసుకున్నవారు కట్టే సొమ్ములోంచే జనరల్ వార్డులోని పేదలకు రాయితీ ఇవ్వడం ఇలాంటి ఆసుపత్రులలో చాలాచోట్ల ఉన్న పద్ధతి. బిల్లు ఎక్కువనిపిస్తే పద్దుల వారీగా వివరం అడగాలి, అది రోగి హక్కు. బిల్లు వేయడమే మోసమనడం మాత్రం న్యాయం కాదు.

విదేశీ నిధుల మాటకు జవాబు చిన్నదే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించిన తర్వాత, అలాంటి ప్రతి రూపాయీ మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే చేరాలి. అందులో పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు బదలాయించకూడదు, ఏటా కేంద్ర హోం శాఖకు లెక్క చూపాలి.

ఇక మతప్రచారం. మెల్‌బోర్న్‌లో చదివి, 1919లో ప్రసూతి, స్త్రీల వ్యాధులు, నేత్ర వైద్యాలలో ఎం.డి. పట్టా పొందిన ఆస్ట్రేలియా వైద్యురాలు డాక్టర్ మేరీ గ్లోరీ 1920లో గుంటూరు వచ్చి జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) అనే కన్యాస్త్రీల సభలో చేరారు. సెయింట్ జోసెఫ్ ఆసుపత్రికి పునాది వేసింది ఆమే. ఆమెను ఇక్కడికి రప్పించింది ఆమె విశ్వాసమే, అందులో దాచవలసిందేమీ లేదు. అయితే కన్యాస్త్రీలు వైద్యవృత్తి చేయడానికి ఆనాడు చర్చి నియమాలే ఒప్పుకొనేవి కావు, 1936 దాకా ఆ అడ్డు తొలగలేదు. ఆమె పోపు నుంచి ప్రత్యేక అనుమతి పొంది స్టెతస్కోపు పట్టారు. ప్రచారమే ధ్యేయమైన మనిషికి అంత శ్రమ దేనికి? మగ డాక్టరుకు చూపించుకోవడానికి ఒప్పుకోని స్త్రీలు కాన్పు కష్టమై ప్రాణాలమీదికి తెచ్చుకుంటున్న కాలంలో, ఆమె తెలుగు నేర్చుకుని, పల్లెలకు వెళ్లి చికిత్స చేశారు. స్థానిక ఆడపిల్లలకు నర్సింగు, కాన్పుల పని, మందుల తయారీ నేర్పించారు. ఈ చివరి పనే అన్నిటికన్నా గొప్పదని నా అభిప్రాయం, ఎందుకంటే బయటివారి మీద ఆధారపడే అవసరాన్ని తగ్గించేది అదే. 1943లో ఆమె ఆధ్వర్యంలో మొదలైన కేథలిక్ ఆసుపత్రుల సంఘానికి ఇప్పుడు సికింద్రాబాద్‌లో ప్రధాన కార్యాలయం ఉంది.

మతం మారితేనే మందు ఇస్తామని ఏ ఆసుపత్రిలోనైనా అన్నారంటే, ఆ ఆసుపత్రి పేరు, తేదీ రాసి ఫిర్యాదు చేయాలి. తిరుగుతున్న సందేశంలో ఆ రెండూ లేవు.