ఓడిపోయిన ప్రమాణానికి ఇంకా మార్కులు వేస్తున్నాం

‘ఓఎస్ఐ నమూనాలోని ఏడు లేయర్లను పటం సాయంతో వివరించుము.’ కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్ రాసిన ఇంజినీరింగ్ విద్యార్థులకు ఈ ప్రశ్న కంఠతా వచ్చు. ఓఎస్ఐ అంటే ఓపెన్ సిస్టమ్స్ ఇంటర్‌కనెక్షన్, నెట్‌వర్క్ పనిని ఏడు అంచెలుగా (లేయర్లుగా) విడగొట్టిన అంతర్జాతీయ ప్రమాణం. ఏడు పెట్టెలు గీస్తారు, మార్కులు పడతాయి. వాటిలో సెషన్, ప్రెజెంటేషన్ అనే రెండు పెట్టెలు ఇంటర్నెట్ కట్టడంలో విడి లేయర్లుగా అసలు లేవన్న సంగతి మాత్రం జవాబులో కనిపించదు.

చరిత్ర తెలిసిందే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 1977లో దీనికోసం సబ్‌కమిటీ వేసింది. హనీవెల్‌లో పనిచేస్తున్న చార్లెస్ బాక్‌మన్ దానికి చైర్మన్. నమూనా 1984లో ఐఎస్ఓ 7498గా అచ్చయింది. అప్పటికే, 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్, నేటి ఇంటర్నెట్ నడిచే ప్రోటోకాల్‌లైన టీసీపీ/ఐపీకి మారిపోయింది. అదే ఏడాది బర్కిలీ యూనిక్స్ 4.2 బీఎస్‌డీలో ఆ కోడ్ కలిసి వచ్చింది.

‘ఓఎస్ఐ ఆలస్యమైంది, అందుకే ఓడింది’ అని సరిపెట్టుకుంటే అసలు రోగం దొరకదు. కమిటీలో తగవు తెగని చోట ఇరుపక్షాల కోరికనూ ప్రమాణంలోకి ఎక్కించారు. ఎక్స్.25 అనే డేటా నెట్‌వర్క్‌లు నడిపే యూరప్ టెలికాం సంస్థలు ముందే కనెక్షన్ కట్టే పద్ధతి కావాలన్నాయి. ఏ ప్యాకెట్‌కి ఆ ప్యాకెట్ విడిగా పోవాలని మరో వర్గం పట్టుబట్టింది. రెండూ ఉంచారు. ట్రాన్స్‌పోర్ట్ లేయర్‌లోనైతే ప్రోటోకాల్‌కి టీపీ0 నుంచి టీపీ4 దాకా ఐదు తరగతులు! ఎక్స్.25 మీద టీపీ0 నడిపే యంత్రం, ప్యాకెట్లను విడివిడిగా పంపే సీఎల్ఎన్‌పీ మీద టీపీ4 నడిపే యంత్రం రెండూ ప్రమాణబద్ధమే. కానీ ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోలేవు. ఏ వ్యవస్థతోనైనా కలవాలన్నదే పేరులో ఉన్న ప్రమాణానికి ఇంతకంటే ఘోర వైఫల్యం ఏముంటుంది?

ప్రభుత్వ ఉత్తర్వూ దాన్ని నిలబెట్టలేదు. అమెరికా ప్రభుత్వం 1990 ఆగస్టు నుంచి తన కొనుగోళ్లలో ఓఎస్ఐని తప్పనిసరి చేసి, 1995లో ఆ నిబంధన ఎత్తేసింది. మన విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్ ఎర్నెట్ మొదట్లో ఓఎస్ఐ, టీసీపీ/ఐపీ రెండు రకాల ప్రోటోకాల్‌లనూ మోసింది. 1995 తర్వాత దాదాపు ట్రాఫిక్ అంతా టీసీపీ/ఐపీదే.

ఓఎస్ఐ వృథా కాలేదనే వారి మాటలో నిజముంది. వెబ్‌సైట్ అసలుదో కాదో తెలుసుకోవడానికి మన బ్రౌజర్ సరిచూసే ఎక్స్.509 సర్టిఫికెట్లు, పెద్ద నెట్‌వర్క్‌లలో నడిచే ఐఎస్-ఐఎస్ రూటింగ్ ఆ కుటుంబానివే. ‘లేయర్ 2 స్విచ్’ అంటే ఎక్కడైనా అర్థమవుతుంది. పదజాలంగా ఉంచుకుందాం, అభ్యంతరం లేదు. దాన్నే నెట్‌వర్క్ నిజస్వరూపంగా నేర్పడంతోనే నా పేచీ.

ఎందుకంటే లోపాలు లేయర్ల సరిహద్దుల్లోనే పుడతాయి. ఈథర్నెట్‌లో ఐపీ ప్యాకెట్ గరిష్ఠంగా 1500 బైట్లు. పీపీపీఓఈ (ఈథర్నెట్ మీద లాగిన్‌తో కనెక్షన్ ఇచ్చే ప్రోటోకాల్) మీద వచ్చే ఇంటి కనెక్షన్‌లో 8 బైట్లు దాని హెడర్‌కే పోయి 1492 మిగులుతాయి. ముక్కలు చేయొద్దనే గుర్తుతో సర్వర్ పంపిన 1500 బైట్ల ప్యాకెట్ అక్కడ పట్టదు. ‘చిన్నది పంపు’ అని రూటర్ ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు తెలిపే ప్రోటోకాల్) సందేశం పంపుతుంది. భద్రత పేరుతో సర్వర్ వైపు ఫైర్‌వాల్‌లో పింగ్ తప్ప మిగతా ఐసీఎంపీని ఆపేస్తే ఆ కబురు చేరదు. పింగ్ వస్తుంది, టీసీపీ హ్యాండ్‌షేక్ అవుతుంది, ఎందుకంటే అవి చిన్న ప్యాకెట్లు. పేజీ మాత్రం తెరుచుకోకుండా వేలాడుతుంది. ఏ లేయర్‌కి ఆ లేయర్ పరీక్షించేవాడికి అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. దీనికి వాడుకలో ఉన్న మందు, రూటరే టీసీపీ హెడర్‌లో చేయిపెట్టి ఎంఎస్ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్‌లో పట్టే టీసీపీ డేటా గరిష్ఠ పరిమాణాన్ని) 1452కి తగ్గించడం. లేయర్ 3 పెట్టె లేయర్ 4 సొమ్ము ముట్టుకోవడమన్నమాట. పటం ప్రకారం తప్పు, పని మాత్రం జరుగుతుంది.

మన పరీక్షల జబ్బూ ఇదే: గీసిన పటానికి మార్కులు, నడిచే తీగకు లేవు. ప్రశ్న ఇలా మార్చండి. ఫ్రాగ్మెంట్ (ముక్కలు) చేయొద్దనే బిట్ పెట్టి, పీపీపీఓఈ లైన్ మీద 1472 బైట్ల డేటాతో పింగ్ కొట్టు, తర్వాత 1464తో కొట్టు. మొదటిది ఎందుకు ఆగిందో, రెండోది ఎందుకు దాటిందో, ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్‌లో పట్టిన హెడర్‌లు చూపించి బైట్ల లెక్క రాయి.