మిశ్రమ మాత్రల పక్షాన ఒక విన్నపం

కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో 156 మిశ్రమ మందులను, అంటే రెండు మూడు మందులు ఒకే మాత్రలోనో ట్యూబులోనో కలిపినవాటిని, నిషేధించినప్పటి నుంచి మా కందుకూరు, కావలి ప్రాంతాల ఆరోగ్యం ఏమవుతుందోనని నాకు బెంగగా ఉంది. రోగమేమిటో తేల్చుకుని దానికి తగిన మందు మాత్రమే ఇచ్చే పాతకాలపు చాదస్తాన్ని ఎంత కష్టపడి వదిలించుకున్నామో ఢిల్లీ వారికి తెలియదు. ఒళ్లు నొప్పులు, జలుబు, అరుగుదల లేదని వచ్చిన పెద్దాయనకు "ఇది ఏస్కో పెదనాయనా, అన్నీ ఇందులోనే ఉండాయి" అంటూ స్ట్రిప్పు నుంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చే మందుల షాపు కుర్రవాడి ఆత్మవిశ్వాసం ఏ వైద్య కళాశాలలో నేర్పుతారు?

విరేచనాల మాత్రనే చూడండి. కడుపులో ఉన్నది బాక్టీరియానో అమీబానో పరీక్షించే శ్రమ లేకుండా రెండింటికీ మందు కలిపేశారు. తీరా అది వైరస్ అయితే రోగికి ఒరిగేదేమీ లేకపోయినా, ఒంట్లోని బాక్టీరియాకు యాంటీబయాటిక్‌ను తట్టుకునే తర్ఫీదు ఉచితంగా దొరుకుతుంది.

తామర క్రీము మహిమ ఇంకా గొప్పది. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల్లో తడిబట్టలతో పనిచేసేవారు గజ్జల్లో దురద అంటే, శిలీంధ్రాన్ని చంపే మందుతో పాటు యాంటీబయాటిక్, ఘాటైన స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతిలో పెడతారు. స్టెరాయిడ్ పుణ్యమా అని రెండు రోజుల్లో దురద, ఎరుపు తగ్గుతాయి. ఆ చాటున తామర తొడల మీదికి పాకుతుంది, చర్మం పలచబడుతుంది, మళ్లీ అదే ట్యూబు కొనవలసి వస్తుంది. ఇంత నమ్మకమైన ఖాతాదారు ఏ వ్యాపారంలో దొరుకుతాడు?

క్షయకు నాలుగు మందులు కలిపిన మాత్ర, రక్తహీనతకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్ర మంచివేనని పండితులు ఒప్పుకుంటారు. వాటి వెనుక పరిశోధన ఉందట. పరిశోధించి కలపడంలో సాహసమేముంది?

అదృష్టవశాత్తు మన నియంత్రణ వ్యవస్థ మరీ కఠినాత్మురాలు కాదు. కేంద్రం అనుమతి లేని మిశ్రమాలకు రాష్ట్రాలు లైసెన్సులు ఇచ్చేస్తున్నాయని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2012లోనే ఎత్తిచూపింది. 2016 మార్చిలో 344 మిశ్రమాలను నిషేధిస్తే అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లివచ్చి 2018 సెప్టెంబరులో 328 మిశ్రమాలను మళ్లీ నిషేధించేసరికి రెండున్నరేళ్లు గడిచాయి. సరుకు అమ్ముకోవడానికి అంతకన్నా గడువు ఎవరిస్తారు? పైగా నిషేధం మిల్లీగ్రాముల లెక్కన నడుస్తుంది: 2024లో ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు 50, పారాసెటమాల్ 125 మిల్లీగ్రాములు కలిసిన మాత్ర నేరస్థురాలైంది, 100, 325 మిల్లీగ్రాముల దాని అక్కగారు మాత్రం దర్జాగా అల్మరాలోనే ఉంది.

కనుక ఏలినవారికి నా విన్నపం ఒక్కటే. నిషేధిత జాబితా ఎప్పటిలాగే రసాయన నామాలతో, హిందీ ఇంగ్లీషుల్లో, గెజిట్‌లో భద్రంగా ఉండాలి. వాటి బ్రాండు పేర్లను తెలుగులో రాసి పామూరు, పొదలకూరు మందుల షాపుల గోడల మీద అంటించే దుస్సాహసానికి ఏ అధికారీ పూనుకోరాదు.